నవల పక్కన నవలాకారుడి మాట
(చిలకమర్తి లక్ష్మీనరసింహం స్మారకోపన్యాసం)

చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులు గారి పేరు మీద జరిగే ఉపన్యాసంలో ‘గణపతి’ హాస్యం గురించో, ‘గయోపాఖ్యానం’ పద్యాల గురించో వినాలని శ్రోతలు అనుకోవడం సహజం. వాటి గురించి చెప్పగలవాళ్లు గోదావరి జిల్లాల్లో వీధికొకరున్నారు. నేను ఎత్తుకున్నది వాటి పక్కనే ఉండి ఎవరి కంటా పడని ఒక సంగతి. నవలాకారుడు నవల రాస్తాడు. రాస్తూనే, దాన్ని చదివేవాళ్లతో వేరే మాట కూడా మాట్లాడతాడు. ఇప్పుడేం రాస్తున్నాడో, పోయిన నెల రావలసిన ప్రకరణం ఎందుకు రాలేదో, పాత పుస్తకం మళ్లీ ఎప్పుడు అచ్చవుతుందో, ఊళ్లో జరుగుతున్నదాని మీద తన అభిప్రాయమేమిటో చెబుతాడు. పీఠికల్లో, పత్రికల్లో, చందాదారులకు చేసుకున్న మనవుల్లో, పుస్తకాల వెనకట్టల మీద ఈ మాటలుంటాయి. సాహిత్య చరిత్రకారులు వీటిని రచనల కింద జమకట్టరు. నేను చెప్పదలచింది ఇది: గోదావరి డెల్టాలో తెలుగు నవల నిలదొక్కుకున్నది ఈ మాట ఆసరాతోనే. దీన్ని తీసేసి చదివితే ఆ నవలలు మనకు సగమే అర్థమవుతాయి.

ఇలాంటి కబుర్లకు వేసవి అనువైన కాలం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా జీవితానికి కాలువలే పంచాంగమయ్యాయి. నీళ్లు వదిలితే నాట్లు, పడవలు, సరుకుల రవాణా. వేసవిలో మరమ్మతులకని కాలువలు కట్టేస్తే అన్నీ నెమ్మదిస్తాయి. బడులకు సెలవులు, సివిలు కోర్టులకు సెలవులు. పంతొమ్మిదో శతాబ్దం చివర తెలుగు పత్రికకు చందా కట్టగల స్తోమతా, చదివే అలవాటూ ఉన్నవాళ్లలో ఉపాధ్యాయులు, ప్లీడర్లు, కచేరీ గుమాస్తాలే ముఖ్యులు. వాళ్లకు తీరిక చిక్కేది ఆ ఎండల్లోనే. వేసవిలో రచయిత పాఠకులతో ఇలా మాట్లాడడం మన ఒక్క ప్రాంతపు విశేషమూ కాదు. దాస్తోయేవ్‌స్కీ 1876లో ‘ఒక రచయిత దినచర్య’ పేరుతో తానొక్కడే రాసి, తానే ప్రకటించుకున్న మాసపత్రిక మొదలుపెట్టాడు. ఆ ఏడాది జూలై, ఆగస్టు నెలలకు కలిపి ఒకే సంచిక వేశాడు. చికిత్స కోసం జర్మనీలోని ఎమ్స్‌కు వెళ్లి, అక్కడి వేసవి ఆలోచనలను చందాదారులకు అందజేశాడు. మరుసటి ఏడాది చివర, పత్రిక కొంతకాలం ఆపుతున్నానని పాఠకులకు చెప్పి మరీ విరామం తీసుకున్నాడు. ఆ విరామంలో వచ్చిందే ‘కరమజోవ్ సోదరులు’. పసిపిల్లల మీద పెద్దల క్రూరత్వం, కోర్టులో వకీళ్ల వాగ్ధాటి, చెదిరిపోతున్న కుటుంబం లాంటి ఆ నవలా విషయాలన్నీ అంతకు ముందే దినచర్యలో చర్చకు వచ్చినవే. రష్యన్ సాహిత్య విద్యార్థి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుతాడు. మనం కందుకూరి దగ్గరా, చిలకమర్తి దగ్గరా ఆ పని చేయం.

చేయకపోవడానికి కారణం వెతికితే మన కావ్య సంప్రదాయం దాకా పోవాలి. తెలుగు కవి తన కావ్యం బయట నిలబడి మాట్లాడడం కొత్త కాదు. ఇదే రాజమహేంద్రవరంలో నన్నయ భారతం అవతారికలో రాజరాజనరేంద్రుడు కోరిన తీరు, తాను పూనుకున్న తీరు చెప్పుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ప్రబంధాల్లో ఇష్టదేవతా స్తుతి, పూర్వకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు కావ్యానికి తప్పని గుమ్మంలా నిలిచాయి. పండితులు ఆ అవతారికలను పంక్తి పంక్తిగా శోధించి కవికాలం నిర్ణయించారు, రాజుల వంశావళులు కట్టారు. అంత శ్రద్ధా అవతారికకు దక్కింది, నవల పీఠికకు దక్కలేదు. అవతారికలో కవి ఎదుట ఉన్నది ఒక్క మనిషి, కావ్యం అంకితం పుచ్చుకునే కృతిపతి. అతడు మెచ్చితే చాలు. నవల దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్క మనిషి లేడు. ఆ చోటులో ఎవరుండాలన్నది మొదట్లో ఎవరికీ తెలియదు కూడా. 1872లో వచ్చిన నరహరి గోపాలకృష్ణమ సెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’నే చూడండి. హిందువుల ఆచార వ్యవహారాలు తెలిపే కథలు కావాలని లార్డ్ మేయో కాలంలో వెలువడిన ప్రకటన దానికి ప్రేరణ. అంటే అక్కడ కృతిపతి కుర్చీలో సర్కారు కూర్చుంది. కందుకూరి వీరేశలింగం ఆ కుర్చీలో చందాదారుణ్ణి కూర్చోబెట్టాడు. తెలుగు నవలా చరిత్రలో ఇది ఏది మొదటి నవల అన్న వివాదం కంటే పెద్ద సంగతని నా అభిప్రాయం.

వీరేశలింగం ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా ఉంటూ 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టాడు. మొదట మద్రాసులో అచ్చు వేయించి, తర్వాత రాజమండ్రిలో సొంత ముద్రాక్షరశాల పెట్టుకున్నాడు. లంచాలు మరిగిన అధికారులు, వాళ్ల చుట్టూ తిరిగే ప్లీడర్లు, భోగం మేళాలు, బాల్యవివాహాలు, మంత్రగాళ్లు, సోదె చెప్పేవాళ్లు, వీళ్లందరి మీదా ఆ పత్రిక నెలనెలా విరుచుకుపడింది. ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ధారావాహికగా వెలువడింది ఈ పత్రికలోనే, ఈ వ్యాసాల మధ్యనే. పుస్తకంగా 1880లో వచ్చింది. ఇప్పుడు కథ గుర్తు చేసుకోండి. ధవళేశ్వరంలో ఉన్నవాడు రాజశేఖరుడు. చేతిలో డబ్బున్నంత కాలం చుట్టూ పొగిడేవాళ్లే. బంగారం చేసి పెడతానన్న బైరాగిని నమ్మి ఉన్న బంగారం పోగొట్టుకుంటాడు. డబ్బు పోయాక పొగిడినవాళ్లూ పోతారు. పుస్తకంగా విడిగా చదివితే ఇది గోల్డ్‌స్మిత్ ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ నీడలో నడిచిన కథగా కనిపిస్తుంది. కనిపించడమేమిటి, ఆ ముద్ర పడి నూట ఇరవై ఏళ్లు దాటినా చెరగలేదు. కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి ‘వివేకచంద్రికా విమర్శనము’ దగ్గరినుంచి నేటి పరీక్ష గైడ్ల దాకా చర్చంతా ఎంత అనుకరణ, ఎంత స్వతంత్రం అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ ఇంగ్లీషు నవలను మొదట తెనిగించబోయి, అది మన ఆచారాలకు పొసగదని మానుకుని స్వతంత్రంగా రాశానని వీరేశలింగమే చెప్పుకున్నాడు. కాని పత్రికలో చదివిన మనిషికి గోల్డ్‌స్మిత్ పేరే తెలియనక్కర లేదు. రెండు పుటల అవతల మంత్రగాళ్ల మోసం మీద సంపాదకుడి వ్యాసం చదివి, ఇటు తిప్పి బైరాగి ప్రకరణం చదివేవాడు. వ్యాసం ఊరి పేరుతో చెప్పలేనిది కథ చెప్పేది. కథ అన్యాపదేశంగా అన్నది వ్యాసం సూటిగా అనేది. ఒకే మనిషి రెండు గొంతులతో ఒకే పాఠకుడితో మాట్లాడుతున్నాడు.

దీనికి పోలిక డికెన్స్ దగ్గర దొరుకుతుంది. ఆయన ‘హార్డ్ టైమ్స్’ 1854లో తన సొంత వారపత్రిక ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’లో వచ్చింది. అదే ఏడాది ఆ పత్రికలో మిల్లు యంత్రాల్లో పడి కూలీలు నలిగిపోవడం మీద వ్యాసాలు వచ్చాయి. ఇంగ్లండు విమర్శకులు ఆ వ్యాసాలను నవలకు వ్యాఖ్యానంగా తీసుకున్నారు. మన ‘రాజశేఖర చరిత్రము’ను 1887లో హచిన్సన్ ఇంగ్లీషు చేసి లండన్‌లో అచ్చు వేయించాడు. అక్కడి పాఠకుడి చేతికి నవల చేరింది, పత్రిక చేరలేదు. మరి ఇక్కడి పాఠకుడి చేతికైనా పత్రిక ఏది? పుస్తకంలో నవల ఒక్కటే దొరికినప్పుడు రాజమండ్రిలో చదివినా లండన్‌లో చదివినా తేడా ఏముంది?

చిలకమర్తి సంగతికి వస్తాను. నేను ఇంతసేపూ చెప్పిన మార్పు ఒక్క మనిషి జీవితంలో పూర్తిగా కనిపించేది ఆయన దగ్గరే. 1867లో ఖండవల్లిలో పుట్టి, 1946లో రాజమండ్రిలో కన్నుమూసిన ఆయన ముగ్గురు కృతిపతులను చూశాడు. మొదటిది పోటీ. న్యాపతి సుబ్బారావు పంతులు ‘చింతామణి’ పత్రిక తరఫున నవలల పోటీలు పెట్టినప్పుడు చిలకమర్తి ‘రామచంద్ర విజయం’ 1894లో బహుమతి పొందింది. ‘హేమలత’, ‘అహల్యాబాయి’ ఆ ఊపులోనే వచ్చాయి. రెండోది జమీందారు. పోలవరం జమీందారు ప్రాపకంలో వచ్చిన ‘సరస్వతి’ పత్రికకు ఆయన పని చేశాడు. మూడోది చందాదారు. 1906లో ‘మనోరమ’ను సొంతంగా పెట్టుకున్నాడు, తర్వాత ‘దేశమాత’ నడిపాడు. పోటీలో బహుమతి ఇచ్చేవాడు నవలను ఒకసారి చదువుతాడు. జమీందారు చదవకపోయినా పోషిస్తాడు. చందాదారు అలా కాదు, ప్రతినెలా ఎదురు చూస్తాడు, సంచిక ఆలస్యమైతే అడుగుతాడు, నచ్చకపోతే మరుసటి ఏడు చందా కట్టడు. అందుకున్నప్పుడు వెల చెల్లించే వి.పి.పి. తపాలాలో పంపితే తీసుకోకుండా తిప్పి కొడతాడు. ఇలాంటి మనిషితో నెలనెలా మాట్లాడవలసి వచ్చిన రచయిత వచనం మారకుండా ఉండదు. తొలి నవలల్లోని బరువైన గ్రాంథికానికీ, ‘గణపతి’లో ఎదురుగా కూర్చుని చెబుతున్నట్టు సాగే కథనానికీ మధ్య ఉన్న దూరాన్ని చాలామంది వయసు మీదా, అనుభవం మీదా వేశారు. నేను ఆ దూరంలో పెద్ద వాటా పత్రికలకిస్తాను. ‘గణపతి’ భాష గ్రాంథికమే. కాని గొంతు సభలోది.

ఆ సభ కూడా అలంకారానికన్న మాట కాదు. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి వందేమాతరం ఉద్యమం మీద ప్రసంగించినప్పుడు, ఆ ఇంగ్లీషు ప్రసంగాలను జనానికి తెలుగులో చెప్పినవాడు చిలకమర్తి. ఆ సందర్భంలో ఆయన చెప్పిన పద్యం ఇంటింటా ఇప్పటికీ తెలుసు కనుక నేను ఉదహరించను. మనం ఆ పద్యాన్ని దేశభక్తి ఖాతాలో వేసి, ‘గణపతి’ని హాస్యం ఖాతాలో వేసి, ‘మనోరమ’ను ఏ ఖాతాలోనూ వేయకుండా వదిలేశాం. మరొకటి. చిన్నప్పటినుంచీ రేచీకటితో బాధపడి, క్రమంగా చూపు పోగొట్టుకున్న ఆయన చాలా రచనలు నోటితో చెప్పి రాయించినవే. చెప్పి రాయించేవాడికి మొదటి పాఠకుడు ఎదురుగా కూర్చున్న లేఖకుడే. ‘గణపతి’ తర్వాతి కాలంలో రేడియో నాటకంగా అంత తేలిగ్గా ఒదిగిందంటే కారణం దాని పుట్టుకలోనే ఉందనుకుంటాను.

ఇక ఆక్షేపణలు. మొదటిది వెంటనే వినిపించేదే: ఇదంతా అమ్మకం మాట కదా, దీన్ని సాహిత్యమంటారేమిటి? అమ్మకం మాటే, కాదనను. చందా బాకీలు కట్టమని వేడుకోవడం, కొత్త పుస్తకం వెల చెప్పడం, పది ప్రతులు కొంటే తగ్గింపు ఇస్తామనడం వ్యాపారమే. కాని కృతిపతి వంశాన్ని వంద పద్యాల్లో పొగడడం మాత్రం ఏమిటి? అదీ జీవనోపాధే. దాన్ని మనం కావ్యభాగంగా ఒప్పుకున్నాం, ఎందుకంటే అది పద్యంలో ఉంది. ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులు అమ్ముడుపోయిందని ప్రతీతి. టంగుటూరి ప్రకాశం లాంటివాళ్లు వేషం కట్టిన నాటకమది. ఆ లక్ష ప్రతులు కొన్న చేతులే ఒక తెలుగు రచయిత జమీందారు గుమ్మం ఎక్కకుండా బతకగలడన్న ధైర్యాన్నిచ్చాయి. ఆ ధైర్యం ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ప్రకటనల కాగితాలే ఆధారం. వాటిని చిల్లర వ్యవహారమని చులకన చేసే పెద్దలు కృతిభర్తల దాన శాసనాలను మాత్రం భక్తితో అచ్చు వేస్తారు.

రెండో ఆక్షేపణ బలమైంది. రచయిత పక్కకు తప్పుకోవాలి, రచనే మాట్లాడాలి, నవలకు బయట నవలాకారుడు చేసే వ్యాఖ్యానం పాఠకుడి స్వేచ్ఛకు అడ్డు. దీనికి గోదావరి ప్రాంతంలోనే గట్టి సాక్ష్యం ఉంది. బొమ్మిడిలో పుట్టిన రంగనాయకమ్మ పీఠికలు కొన్ని చోట్ల నవల కంటే గట్టిగా మాట్లాడతాయి. ఏ పాత్రను ఎలా చూడాలో, ఏ ముగింపు ఎందుకు సరైనదో, వెల ఎందుకు తక్కువ పెట్టారో అన్నీ చెబుతారు. కొన్నిసార్లు పాఠకుడికి ఊపిరాడదు, ఆ మేరకు ఆక్షేపణ నిజమే. అయితే ఆవిడ అక్కడితో ఆగలేదు. అభిప్రాయాలు మారినప్పుడు తన తొలి నవలలనే పాఠకుల ఎదుట విమర్శించుకున్నారు. రచయిత్రి తన పుస్తకంతో తానే విభేదించడం చూసిన పాఠకుడికి రచయితతో విభేదించే చనువు వస్తుంది. ఆవిడ ‘జానకి విముక్తి’ ధారావాహికగా వస్తున్నప్పుడు పాఠకుల్లో అంత గొడవ జరిగిందంటే, అది నోరెత్తని పాఠకలోకం కాదన్నమాట. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి రాజమండ్రినుంచి నడిపిన ‘ప్రబుద్ధాంధ్ర’ను కూడా ఇక్కడ తలుచుకోవాలి. పొలమూరు వైదిక కుటుంబంలో పుట్టి, సంస్కృతం చదువుకుని, వ్యావహారికాన్ని మొదట ఒప్పుకోక తర్వాత దానికే కట్టుబడిన మనిషి ఆయన. అలాంటి రచయితను కథల్లో మాత్రమే చదివినవాడికి ఆ భాష పుట్టుకతో వచ్చిందనిపిస్తుంది. కాదు, అది వాదించి, తగవులాడి, నిర్ణయించుకున్న భాష. ఆ తగవు పత్రికలో ఉంది. రచన ఒక్కటే మాట్లాడాలనేవాళ్లు ఈ తగవును వినకుండానే శ్రీపాద భాషను ‘సహజం’ అని మెచ్చుకుంటున్నారు. సహజమంటే ఆయనే ఒప్పుకునేవాడు కాడేమో.

మూడో ఆక్షేపణకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఎప్పుడూ పాఠకుల మొహం చూస్తూ రాస్తే నవల దిగజారుతుందంటారు. కొవ్వలి లక్ష్మీనరసింహారావును చూపిస్తారు. 1912లో తణుకులో పుట్టి, వెయ్యి నవలల రచయితగా పేరుపడ్డ మనిషి. రైల్వే స్టేషన్ల పుస్తకాల బళ్ల దగ్గర ఆయన పేరుంటే చాలు, కొనేవాళ్లు. సామర్లకోటలో రైలెక్కితే బెజవాడ వచ్చేలోపు ఒక నవల అయిపోవాలి, అంతే నిడివి, అంతే భారం. కొవ్వలి వల్ల చదవడం అలవాటైన ఆడవాళ్లు, చిన్న ఉద్యోగులు ఎంతమందో చెప్పలేం. కాని ఆ నవలల్లో మళ్లీ తెరిచి చదివేవి ఎన్నని అడిగితే తడుముకుంటాం. నేను ఇంతవరకు మాత్రం అంటాను. కొవ్వలి పాఠకుడు కొవ్వలి పేరుకు కట్టుబడ్డవాడు, వెలకూ వేగానికీ అలవాటు పడ్డవాడు. వీరేశలింగం పాఠకుడు ప్రతి నెలా తిట్లు కూడా తిన్నవాడు. అతని ఇంటి పెళ్లిలో భోగం మేళం పెట్టిస్తే పత్రిక ఊరుకోదు. రచయిత మాటల్లో పాఠకుణ్ణి బుజ్జగించడం ఎంత, నిలదీయడం ఎంత అన్నది కొలిచి చూడాలి. నిలదీత తగ్గి బుజ్జగింపే మిగిలినచోట ఆక్షేపకులదే గెలుపు. 1960ల తర్వాత వారపత్రికల సీరియళ్ల కాలంలో చాలా చోట్ల వాళ్లే గెలిచారని ఒప్పుకోవాలి.

చివరిగా పని సంగతి. పాత పత్రికల ఏడాది సంచికలు కలిపి బైండు చేయించేటప్పుడు అట్టలూ, ప్రకటనల కాగితాలూ చించేయడం మనవాళ్లకు మామూలు. చందాదారులకు మనవి, రాబోయే ప్రకరణం కబురు, ఆలస్యానికి సంజాయిషీ, పాఠకుల ఉత్తరాలకు జవాబు ఎక్కువగా ఉండేది ఆ కాగితాల మీదే. తర్వాత సంపుటాలు వేసేవాళ్లు ఆ బైండ్లు చూసి, దొరికిన నవలను ఎత్తి రాసుకుని, పీఠిక కూడా తీసేసి, తమ ముందుమాట తగిలిస్తున్నారు. రాజమండ్రిలో వాసురాయ గ్రంథాలయం, రత్నకవి గ్రంథాలయం కలిసి ఏర్పడ్డ గౌతమీ గ్రంథాలయం ఉంది. వెతకడం అక్కడ మొదలుపెట్టవచ్చు. ‘రాజశేఖర చరిత్రము’ను ఈసారి వేసేవాళ్లు 1878 నాటి ‘వివేకవర్ధని’ సంచికల్లో ఆ ప్రకరణాలకు ముందూ వెనకా ఏముందో అది కూడా వేయాలి. చిలకమర్తి సంపుటాల్లో ‘మనోరమ’కు ఆయన రాసిన సంపాదకీయాలు, మనవులు, ప్రకటనలు తేదీలతో సహా ఒక విడి సంపుటంగా రావాలి. వెల, చందా, తపాలా ఖర్చు అంకెలు కూడా తీసేయకూడదు. దొరకని సంచికల జాబితా అదే సంపుటంలో చేరిస్తే, ఏ ఊళ్లోనో ఎవరి అటక మీదో ఉన్నది బయటికి వచ్చే వీలుంటుంది.